చీకటికి ముప్ఫై రెండు మెట్లు

‘ది ఇన్నోసెంట్స్’ సినిమా నల్లటి తెరతో మొదలవుతుంది. స్టూడియో గుర్తు రాదు, పేర్లు పడవు, బొమ్మ అసలే లేదు. ఆ నల్లదనంలోంచి ఒక లేతగొంతు పాడుతూ వినిపిస్తుంది. ఫాక్స్ కంపెనీ గుర్తు ఆ తర్వాత గానీ రాదు. 1961లో ఈ సినిమా విడుదలైనప్పుడు థియేటర్లో లైట్లు ఆర్పాక మిగిలిన చీకటీ, తెర మీది చీకటీ ఒకటే అయిపోయి ఉంటాయి. పాట ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియక జనం కుర్చీల్లో సర్దుకుని ఉంటారు. అదే సినిమాను ఇంట్లో, ట్యూబ్‌లైటు కింద, టీవీలో పెడితే తెర మీద నలుపన్నది కనిపించదు. ముదురు బూడిదరంగు పలక, దానిలో మన సోఫా, మన కిటికీ, మన ముఖం కనిపిస్తాయి. ఫ్యాను చప్పుడులో పాట సగమే చెవిన పడుతుంది. నెట్ ఆగిందేమోనని రిమోట్ వెతుక్కుంటాం.

ఇంటి తెర ఎంత గొప్పదో తేల్చడానికి చాలామంది యుద్ధాలూ కార్ల ఛేజింగులూ పెట్టి చూస్తారు. టీవీ షాపుల్లో పగలంతా తిప్పేవీ అలాంటివే. నా ఉద్దేశంలో అవి తేలిక పరీక్షలు. వెలుగూ రంగూ చప్పుడూ దండిగా ఉన్నచోట చిన్నచిన్న లోపాలు దాగిపోతాయి. కఠినమైన పరీక్ష, నెమ్మదిగా నడిచే దయ్యం సినిమా. ఉందా లేదా అని తేల్చుకోలేని చోటే దాని భయమంతా ఉంటుంది. నలుపుకీ, అంతకంటే ఒక్క పిసరు తక్కువ నలుపుకీ నడుమ. నిశ్శబ్దానికీ, వినీ వినపడని గుసగుసకీ నడుమ. బొమ్మనూ శబ్దాన్నీ మన ఇంటికి మోసుకొచ్చే సాంకేతికతలన్నీ బరువు తగ్గించుకోవడానికి మొదట కోత పెట్టేది సరిగ్గా అక్కడే.

హెన్రీ జేమ్స్ 1898లో రాసిన ‘ది టర్న్ ఆఫ్ ద స్క్రూ’ అనే నవలిక ఈ సినిమాకు మూలం. దర్శకుడు జాక్ క్లేటన్. ఇంగ్లండు పల్లెపట్టున ఓ పెద్ద బంగళా, అందులో అనాథలైన అన్నాచెల్లెళ్ళు, వాళ్ళను చూసుకోవడానికి కొత్తగా వచ్చిన పంతులమ్మ. ఆ వేషం డెబొరా కెర్ వేసింది. ఆ ఇంట్లో పనిచేసి చనిపోయిన నౌకరు క్వింట్, అంతకు ముందరి పంతులమ్మ మిస్ జెస్సెల్ ఆమెకు అక్కడక్కడ కనిపిస్తుంటారు. వాళ్ళు నిజంగా వస్తున్నారా, ఆమె మనసే వాళ్ళను కల్పించుకుంటోందా అన్నది సినిమా చివరిదాకా తేల్చదు. కాబట్టి దయ్యం స్పష్టంగా కనపడకూడదు. అలాగని బొత్తిగా కనపడకుండానూ పోకూడదు. ఆ కొలత తప్పితే కథే తప్పుతుంది.

ఆ కొలత పట్టినవాడు ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్. అప్పటికే ‘సన్స్ అండ్ లవర్స్’కు ఆస్కార్ అందుకున్నవాడు. క్లేటన్‌కు వెడల్పాటి సినిమాస్కోప్ తెర ఇష్టం లేదు, ఫాక్స్ వాళ్ళేమో అదే కావాలని పట్టుబట్టారు. తెర అంత వెడల్పుంటే ఆ బంగళా ఇరుకు, ఆమె ఒంటరితనం ఎలా తెలుస్తాయి? ఫ్రాన్సిస్ ఫిల్టర్లకు అంచుల్లో రంగు పూసి కెమెరా ముందు పెట్టాడు. దాంతో బొమ్మ నడుమ వెలుగుగా ఉండి, పక్కలకు పోయేకొద్దీ మెల్లగా చీకటిలోకి జారిపోతుంది. ఎక్కడ చీకటి మొదలైందో వేలుపెట్టి చూపలేం. దగ్గరున్న ముఖమూ, దూరాన ఉన్న ద్వారమూ రెండూ స్పష్టంగా కనపడాలని సెట్టు మీద విపరీతంగా లైట్లు వాడారు. ఒకే కొవ్వొత్తిలో నాలుగైదు ఒత్తులు వేసి చేయించిన కొవ్వొత్తులతో ఆమెను రాత్రిపూట వసారాల్లో నడిపించారు. ఇంత చీకటిగా కనిపించే సినిమా అంత వెలుగులో తీశారంటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, చీకటిలో మెట్లు కట్టాలంటే ముందు ఫిల్ముకు తగినంత వెలుగు అందాలి.

ఇలాంటి సినిమాలు ఒకప్పుడు ఇళ్ళకు వచ్చింది వీడియో క్యాసెట్ల మీద. అప్పటి టీవీ తెర వెడల్పు, ఎత్తుకు 1.33 రెట్లు. సినిమాస్కోప్ బొమ్మ వెడల్పు 2.35 రెట్లు. టీవీ నిండా బొమ్మ కావాలంటే ప్రతి ఫ్రేములో నూటికి 43 వంతులు కోసి పారేయాలి. సినిమాస్కోప్ చిత్రాల క్యాసెట్లు చాలావాటికి జరిగింది అదే. ఫ్రాన్సిస్ అంత శ్రద్ధగా చీకటి పూసిన అంచులే ఈ కోతకు మొదట బలి. డీవీడీ వచ్చాక పూర్తి వెడల్పు దక్కింది గానీ, అమెరికా డీవీడీలో ఉన్న 480 గీతల్లో పైనా కిందా నల్లపట్టీలు పోగా బొమ్మకు మిగిలేవి సుమారు 363. చెరువు అవతల రెల్లుగడ్డి నడుమ, పట్టపగలు, నల్లబట్టల్లో మిస్ జెస్సెల్ కదలకుండా నిలబడే దృశ్యం ఒకటి ఉంది. ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా ఒళ్ళు జలదరించే చోటు అదే. 363 గీతల్లో ఆమె ఒక నల్లమచ్చ. బ్లూరేలో బొమ్మకు 817 గీతలొస్తాయి. అప్పుడే ఆ మచ్చకు భుజాలు, తల, మనవైపే చూస్తున్న ముఖం ఏర్పడతాయి. ఆ ముఖం మరీ స్పష్టంగా లేకపోవడం దర్శకుడి నిర్ణయం. బొత్తిగా లేకుండా పోవడం డీవీడీ నిర్ణయం.

గీతల సంఖ్య అందరికీ తెలిసిన లెక్కే. టీవీ పెట్టెల మీద పెద్ద అక్షరాలతో అచ్చేసేదీ దాన్నే. పెట్టె మీద కనపడని మరో లెక్క ఉంది, దయ్యం సినిమాకు దానితోనే ఎక్కువ పని. తెల్లటి తెలుపు నుంచి కటిక నలుపు దాకా వెలుగును ఎన్ని మెట్లుగా కొయ్యాలి అన్నది ఆ లెక్క. డీవీడీ, బ్లూరే, మామూలు హెచ్‌డీ ప్రసారాలు అన్నీ 8 బిట్లతో నడుస్తాయి. అంటే 256 అంకెలు. అందులోనూ వీడియోలో 16వ అంకెను నలుపుగా, 235ను తెలుపుగా పెట్టుకున్నారు. ఈ రెంటి నడుమ 219 మెట్లు. చాలానే ఉన్నాయి కదా అనిపిస్తుంది. మెట్ల ఎత్తులు చూస్తే ఆ ధైర్యం పోతుంది.

పాత గాజు గొట్టపు టీవీలో విద్యుత్తు పెరిగినంతగా వెలుగు తిన్నగా పెరిగేది కాదు, మొదట్లో చాలా మెల్లగా, పైకి పోయేకొద్దీ ఉరుకులు పెడుతూ పెరిగేది. ఆ వంపును గామా అంటారు. ఇవాళ్టి టీవీలు కూడా అదే వంపును 2.4 ఘాతంగా పాటిస్తున్నాయి. అదృష్టవశాత్తూ మన కంటి తీరు కూడా ఇంచుమించు అంతే. వెలుగు ఎంత ఉందన్నదాని కన్నా, పక్కదాని కంటే ఎన్ని వంతులు ఎక్కువన్నదే కంటికి తెలుస్తుంది. బాగా వెలుతురున్నచోట నూటికి ఒక వంతు తేడాను కూడా కన్ను పట్టేస్తుంది. ఇప్పుడు లెక్క కడదాం. 200వ మెట్టు నుంచి 201కి ఎక్కితే వెలుగు పెరిగేది 1.2 శాతం. కంటికి అది ఆనీ ఆనదు. అదే 10వ మెట్టు నుంచి 11కి ఎక్కితే వెలుగు ఒక్కసారిగా దాదాపు 26 శాతం పెరుగుతుంది. చీకట్లో కంటి నేర్పు తగ్గే మాట నిజమే గానీ, 26 శాతం తేడాను గుర్తించలేనంతగా తగ్గదు.

ఇంకోలా చూద్దాం. తెర గరిష్ఠంగా ఇచ్చే వెలుగును నూరు వంతులనుకుంటే, అందులో ఒక వంతు కన్నా మసకగా ఉన్న చీకటంతటికీ ఈ పద్ధతిలో దక్కేవి 32 మెట్లు. ఫ్రాన్సిస్ అంచుల చీకటి, కొవ్వొత్తి వెనక గోడ, కిటికీ అవతలి రాత్రి, అన్నీ ఆ 32లోనే సర్దుకోవాలి. నున్నగా జారిపోవలసిన నీడ మెట్లుమెట్లుగా విరుగుతుంది. ఒకే నలుపు కొంత మేర, పక్కన అంతకంటే తేలిక నలుపు మరికొంత మేర, మధ్యలో గీత గీసినట్టు అంచు. వీటినే బ్యాండింగ్ అంటారు, మన మాటల్లో పట్టీలు. ముఖం కోసం వెతుకుతున్న కన్ను పట్టీల అంచుల దగ్గర ఆగిపోతుంది. అక్కడున్నది దయ్యం కాదు, అంకెల కొరత అని తెలిసిపోయాక భయం తిరిగి రాదు.

ఈ చిక్కుకు విరుగుడు చిత్రమైన చోట దొరికింది. తర్వాతి రోజుల్లో ఇంటర్నెట్‌కు పునాది వేసినవారిలో ఒకడైన లారెన్స్ రాబర్ట్స్, 1962లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. బొమ్మను తక్కువ మెట్లకు కుదించే ముందు దానికి కాస్త అడ్డదిడ్డమైన రొదను కలిపితే పట్టీలు మాయమవుతాయని అందులో చూపించాడు. మెట్టు అంచు ఒకే గీతగా నిలవకుండా చుక్కలుగా చెదిరిపోతుంది. ఆ చుక్కలను కన్ను తనంతట తాను సగటు కట్టుకుని నున్నటి నీడగా చూస్తుంది. దీన్ని డిథరింగ్ అంటారు. పాత ఫిల్ములో ఆ రొద పుట్టుకతోనే ఉంది. వెండి రేణువులు ఫ్రేముకొక తీరున చెదిరి ఉండడం వల్ల ఎప్పుడూ సన్నగా మెసులుతూ ఉండే గ్రెయిన్ అది. దాన్ని మురికి అనుకునేవాళ్ళు ఉన్నారు. ఫిల్ము మీద బొమ్మ ఉన్నదే ఆ రేణువులతో. పైగా నలుపు-తెలుపు దయ్యం సినిమాను 8 బిట్ల పట్టీల బారిన పడకుండా కాపాడేది కూడా అదే.

ఇంత మేలు చేసే గ్రెయిన్‌కు కుదింపు దగ్గర గండం పొంచి ఉంది. పూర్తి హెచ్‌డీ సినిమాను ఏ కుదింపూ లేకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 600 మెగాబిట్లు కావాలి. బ్లూరే డిస్కు బొమ్మకు ఇవ్వగలిగేది గరిష్ఠంగా 40. నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీకి ఉంటే చాలని చెప్పే నెట్ వేగం 5. అంటే ప్రతి 120 పాళ్ళలో ఒక పాలు ఉంచుకుని మిగతాదంతా వదిలేయాలి. ఏది వదిలేయాలో తేల్చే గణితాన్ని డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అంటారు. 1974లో దాన్ని ప్రపంచం ముందు పెట్టిన ముగ్గురూ మన దేశపు మూలాలున్నవాళ్ళే: నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహన్ రావు. ఇవాళ ఫోన్లో తీసే ఫొటో మొదలు డిస్కు మీది సినిమా దాకా వాళ్ళ లెక్క, దాని వారసులు లేని చోటు లేదు.

ఆ పద్ధతిలో బొమ్మను చిన్నచిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో వెలుగు ఎలా మారుతోందో అలల లెక్కన రాస్తారు. గడి మొత్తానికీ సగటు వెలుగు, మెల్లగా మారే అల, గబగబా మారే అల, ఇలా. ఆ తర్వాత బలం తక్కువ ఉన్న అలలను సున్నా కింద కొట్టేస్తారు. ఎండలో మెరిసే చెట్టు ఆకుల్లో అలలకు బలం ఎక్కువ, అవి బతుకుతాయి. చీకటి గోడ మీది నీడకు, గ్రెయిన్‌కు బలం తక్కువ, అవి పోతాయి. కొట్టేసేవాడికి అది నీడో, నీడలోని ముఖమో తెలియదు.

దీన్ని కళ్ళారా చూడాలంటే క్వింట్ కిటికీ దగ్గరకు వచ్చే దృశ్యం చాలు. దాగుడుమూతలాటలో పంతులమ్మ తెర చాటున దాక్కుంటుంది. ఆమె వెనక అద్దాల కిటికీ, అవతల రాత్రి. ఆ నల్లదనంలోంచి ఒక ముఖం మెల్లగా అద్దం దాకా వస్తుంది, ఆగుతుంది, వెనక్కి జారి మళ్ళీ నలుపులో కలిసిపోతుంది. ఇదే దృశ్యాన్ని బాగా కుదించిన కాపీలో పెట్టి, తెరకు రెండడుగుల దూరాన కూర్చుని చూశాను. ముఖం వచ్చే ముందు కిటికీ నలుపు మొత్తం కదలిక లేని ఒకే ముద్దగా ఉంది. తర్వాత నాలుగైదు గళ్ళు ఉన్నట్టుండి బూడిదరంగుకు తిరిగాయి. ఆ గళ్ళలోంచి ముక్కూ కళ్ళూ తేలాయి. వెనక్కి పోయేటప్పుడు ముఖం కరిగిపోలేదు, గడి తర్వాత గడి ఆరిపోయింది. బ్లూరేలో అలా కాదు. ముఖం రాకముందే ఆ నలుపులో గ్రెయిన్ మెసులుతుంటుంది. ఆ మెసలడంలో ఏదో ఉందని అనుమానం మొదలవుతుంది. అనుమానం బలపడేసరికి ముఖం వచ్చేసి ఉంటుంది. మొదటి కాపీలో భయం ముఖం కనపడ్డాక పుట్టింది. రెండో దాంట్లో అంతకు ముందే పుట్టింది. క్లేటన్ తీసింది రెండోది.

కుదింపుకు ఇంకో బలహీనత ఉంది. వరస ఫ్రేముల్లో కదిలిన వస్తువును గుర్తించి, ఇది ఇక్కణ్ణుంచి అక్కడికి జరిగింది అని చెప్పి ఊరుకోవడం దాని ప్రధానమైన పొదుపు. ఒక దృశ్యం మరో దృశ్యంలోకి మెల్లగా కరిగిపోయే డిజాల్వ్‌లో ఏదీ జరగదు, ప్రతి చుక్కా దాని చోటే ఉండి మారిపోతుంటుంది. ఎడిటర్ జిమ్ క్లార్క్ ఈ సినిమాలో డిజాల్వ్‌లను మామూలు కన్నా చాలా పొడుగ్గా పెట్టాడు. ఒక్కోచోట రెండు బొమ్మలు కాదు, మూడు కూడా ఒకదాని మీదొకటి తేలుతుంటాయి. హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో ఇలాంటి కరుగుళ్ళ కోసం ప్రత్యేకమైన ఏర్పాటు చేశారు. పాత డీవీడీల ఎంపెగ్-2లో అది లేదు. రాబర్ట్ వైజ్ 1963లో తీసిన ‘ది హాంటింగ్’లో గోడ మీది ఉబ్బెత్తు ఆకుల నగిషీ మీద వెలుగు మెల్లగా మారి, అందులో ఒక ముఖం ఉన్నట్టు తోచే దృశ్యానిది కూడా ఇదే కష్టం. అక్కడ గోడ కదలదు, వెలుగు మాత్రమే కదులుతుంది.

గ్రెయిన్‌కు బిట్లు ఎక్కువ ఖర్చవుతాయి కాబట్టి దాన్ని ముందే తుడిచేసి పంపే అలవాటు కొందరికి ఉంది. తుడిచిన ముఖాలు మైనం పూసినట్టు ఉంటాయి, నీడలు పట్టీలవుతాయి. ఏవీ1 అనే కొత్త పద్ధతి మధ్యేమార్గం పట్టింది. పంపేటప్పుడు గ్రెయిన్ తీసేసి, అది ఎలా ఉండేదో కొలతలు మాత్రం పంపి, టీవీలో అలాంటిదే మళ్ళీ పుట్టిస్తుంది. అది అసలు గ్రెయిన్ కాదు. అయినా పట్టీలను చెదరగొట్టే పని చేస్తుంది కాబట్టి నాకు అభ్యంతరం లేదు. ‘ది ఇన్నోసెంట్స్’ను అమెరికాలో క్రైటీరియన్ సంస్థ 2014లో 4కె పునరుద్ధరణతో బ్లూరేగా తెచ్చింది. అందులో గ్రెయిన్‌ను గ్రెయిన్‌గానే ఉంచారు. పాత సినిమాకు కొత్త మెరుగు అనగానే మనవాళ్ళకు 2010లో రంగుల్లో వచ్చిన ‘మాయాబజార్’ గుర్తొస్తుంది. దాన్ని ఆనందంగా చూసినవాళ్ళను తప్పు పట్టను. కానీ ఆ సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ తీసిన వెన్నెల ఉన్నదంతా తెలుపుకూ నలుపుకూ మధ్య మెట్లలోనే. అసలు మెట్లన్నీ దక్కేలా మంచి కాపీ తీయడం వేరే పని. నేను ముందు కోరేది ఆ పనినే.

మెట్ల కొరతకు అసలైన మందు మెట్లు పెంచడమే. 4కె డిస్కులు, హెచ్‌డీఆర్ ప్రసారాలు 10 బిట్లు వాడతాయి. మెట్లు నాలుగు రెట్లు. దానితోపాటు పాత గామాను పక్కనపెట్టి పీక్యూ అనే కొత్త వంపును తెచ్చారు. డాల్బీ తయారుచేసిన దీనికి 2014లో ప్రమాణంగా గుర్తింపు వచ్చింది. మనిషి కన్ను ఎంత వెలుగులో ఎంత తేడాను పట్టగలదో కొలిచి, ఆ కొలతల మీదే దీని మెట్లు కట్టారు. హెచ్‌డీఆర్ అంటే కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుగని ప్రచారం చేస్తారు. దయ్యం సినిమాకు దానివల్ల ఒరిగేది చీకటి వైపునే. 2001లో వచ్చిన ‘ది అదర్స్’ అందుకు తగిన సినిమా. వెలుతురు పడని పిల్లలు, ఎప్పుడూ పరదాలు మూసి ఉండే ఇల్లు, బయట వీడని పొగమంచు. దర్శకుడు అలెహాంద్రో అమెనాబార్, కెమెరా హవియెర్ అగీరెసారోబె. పొగమంచు కూడా చీకటంత గడ్డు పరీక్షే. తెర నిండా ఒకే నున్నటి బూడిదరంగు, చాలా మెల్లగా మారేది, పట్టీలకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. నికోల్ కిడ్‌మన్ ఆ మంచులోకి నడిచే దృశ్యం 8 బిట్లలోనూ, 10 బిట్లలోనూ పక్కపక్కన చూస్తే తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

టీవీ కూడా సహకరించాలి మరి. ఎల్‌సీడీ తెరకు వెనక దీపం ఉంటుంది. నలుపు చూపించాలన్నా ఆ దీపం వెలుగు కాస్త కారుతూనే ఉంటుంది. వెనక దీపాలను భాగాలుగా విడదీసి అవసరం లేనిచోట ఆర్పే టీవీల్లో, చీకటి గదిలోని ఒంటరి కొవ్వొత్తి చుట్టూ లేని వెలుగు వలయం కనిపిస్తుంది. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, ఆరుతుంది. ఈ రకం సినిమాలకు అదే మేలు.

అయితే లక్షల టీవీ కూడా గదిలో లైటు ముందు ఓడిపోతుంది. తెర మీద 50 లక్సుల వెలుగు పడుతూ, అందులో నూటికి రెండు వంతులు మన కంటికి తిరిగొస్తోందనుకోండి. ఆ తిరిగొచ్చిన వెలుగు దాదాపు మూడో వంతు నిట్ (తెర వెలుగును కొలిచేది నిట్లలోనే). గరిష్ఠ వెలుగు 100 నిట్లుగా పెట్టుకున్న తెర మీద ఇది ఇరవయ్యో మెట్టు ఎత్తుతో సమానం. ముందు చెప్పుకున్న ముప్ఫై రెండు మెట్లలో మొదటి ఇరవై గది వెలుగులో మునిగిపోయాయన్నమాట. కన్ను కూడా లైటు వెలుగులో ఉండి చీకటిని చదవలేదు. రంగులు పట్టే శంకు కణాలు చీకటికి అలవాటు పడడానికి పది నిమిషాలు తీసుకుంటాయి. మసక వెలుగును పట్టే దండ కణాలకు అరగంట దాకా పడుతుంది. దండ కణాలు చూపు నట్టనడుమ ఉండవు, చుట్టూ ఉంటాయి. అందుకే మసక నక్షత్రం పక్కకు చూసినప్పుడు కనిపించి, తిన్నగా చూస్తే మాయమవుతుంది. దయ్యాన్ని ఫ్రేము అంచున నిలబెట్టే దర్శకులకు ఈ శాస్త్రం తెలిసినా తెలియకపోయినా దాని ఫలితం మాత్రం తెలుసు. 2019 ఏప్రిల్‌లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రాత్రి యుద్ధం ఎపిసోడ్ వచ్చినప్పుడు ఏమీ కనపడలేదని ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. తప్పు తీసినవాళ్ళదా, ప్రసారపు కుదింపుదా, చూసిన గదులదా అని చాలా వాదన నడిచింది. పైన చెప్పిన లెక్క చూస్తే మూడింటికీ వాటా ఉందని అర్థమవుతుంది.

ఇక శబ్దం. బొమ్మ గురించి రాసేవాళ్ళు దీన్ని చివర నాలుగు ముక్కలతో సరిపెడతారు. దయ్యం సినిమాలో అది అన్యాయం. ‘ది ఇన్నోసెంట్స్’లో కొవ్వొత్తులు పట్టుకుని ఆమె వసారాల్లో తిరిగే రాత్రి, భయమంతా గుసగుసల్లో, నవ్వుల్లో, ఎక్కడో కొట్టుకుంటున్న తలుపులో ఉంది. జార్జ్ ఓరిక్ సంగీతానికి తోడు, బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్ స్థాపకుల్లో ఒకరైన డాఫ్నీ ఓరమ్ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ధ్వనులు ఇందులో ఉన్నాయి. పేర్లలో మాత్రం ఆమె పేరు వేయలేదు. 1961లో వాద్యమూ కాని, ప్రకృతి చప్పుడూ కాని అలాంటి ధ్వని వినడమే జనానికి కొత్త. మన రామ్‌గోపాల్ వర్మ 1992లో ‘రాత్రి’ తీసినప్పుడు కూడా భయం సగానికి పైగా చెవుల ద్వారానే ఎక్కించాడు.

మామూలు మాట సుమారు 60 డెసిబెల్స్, గుసగుస 30. తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను 40 నుంచి 50 దాకా ఉంటుంది. ఇంట్లో మాటలు మాట్లాడుకున్నంత గట్టిగా వినపడేలా టీవీ పెట్టుకుంటే, అంతకు 30 డెసిబెల్స్ కిందున్న గుసగుస ఫ్యాను గాలిలో కొట్టుకుపోతుంది. ఎండాకాలం కూలరు ఉంటే మరీ. ఆ గుసగుస కోసం వాల్యూమ్ పెంచితే, వెంటనే వచ్చే అరుపుకు పక్కింటివాళ్ళు లేస్తారు. అందుకని చాలా టీవీల్లో, సౌండ్‌బార్లలో నైట్ మోడ్ అని ఒకటి పెట్టారు. అది చిన్న చప్పుళ్ళను పెంచి, పెద్ద చప్పుళ్ళను తగ్గిస్తుంది. వార్తలకు మంచిదే. దయ్యం సినిమాలో మాత్రం నిశ్శబ్దానికీ కేకకూ ఉన్న దూరం చెరిగిపోయి, అన్నీ ఒకే ఎత్తున వినిపిస్తాయి.

శబ్దం కుదింపులోనూ బొమ్మ కథే. పెద్ద ధ్వని పక్కనున్న చిన్న ధ్వని చెవికి ఆనదన్న లెక్కతో ఆ చిన్నదాన్ని తీసేస్తారు. చాలావరకు ఆ లెక్క నిజమే. కానీ పెద్ద హాలులో మాట ఆగాక కాసేపు మిగిలే ప్రతిధ్వని తోక అలాంటి సన్న ధ్వనే. అది చిక్కిపోతే బంగళా గదులు చిన్నవైపోతాయి. పాత సౌండ్‌ట్రాక్‌లో సన్నటి సుయ్యి శబ్దం ఉంటుంది. పునరుద్ధరించేవాళ్ళు దాన్ని బొత్తిగా తుడిచేస్తే నిశ్శబ్దం గదిలోని నిశ్శబ్దంలా ఉండదు, ప్లగ్గు పీకినట్టుంటుంది. క్రైటీరియన్ డిస్కులో అసలు మోనో శబ్దాన్ని కుదించకుండా ఇచ్చారు. మోనో పాతబడిందని దాన్ని ఐదు స్పీకర్లకు పంచడం నాకు నచ్చదు. ‘ది అదర్స్’ సంగతి వేరు. పై అంతస్తులో అడుగులు, మూసిన తలుపుల అవతల మాటలు, వీటి కోసమే దాన్ని చుట్టూ వినిపించేలా కట్టారు. దానికి ఎన్ని స్పీకర్లుంటే అంత మంచిది.

ఇంట్లో ఇవన్నీ అమర్చుకోవాలంటే డబ్బుకన్నా ఓపిక కావాలి. బొమ్మ మోడ్‌ను వివిడ్ నుంచి సినిమా మోడ్‌కో, ఉంటే ఫిల్మ్‌మేకర్ మోడ్‌కో మార్చండి. 2019లో ప్రకటించిన ఈ ఫిల్మ్‌మేకర్ మోడ్, లేని ఫ్రేములను పుట్టించి సినిమాను సీరియల్‌లా నున్నగా చేసే హంగును ఒక్క నొక్కుతో ఆపేస్తుంది. నాయిస్ రిడక్షన్ తీసేయండి, గ్రెయిన్‌ను తుడిచేది అదే. లైట్లు ఆర్పండి. బొత్తిగా చీకటైతే కళ్ళు లాగుతాయనుకుంటే టీవీ వెనక గోడ మీద పడేలా సన్నటి దీపం ఒకటి పెట్టుకోవచ్చు, దాని వెలుగు తెర మీద పడదు. బిట్‌రేట్ మన చేతిలో లేదు గానీ, ఒకే సినిమా అద్దెకు రెండుచోట్ల దొరికితే ఎక్కువ రిజల్యూషన్ ఉన్నదాన్నే తీసుకోండి. అక్కడ సాధారణంగా బిట్లు కూడా ఎక్కువే ఇస్తారు.

ఫ్యాను మాత్రం ఆపలేం. మన వేసవిలో ఆ సలహా ఇచ్చి లాభం లేదు. చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు చాలామటుకు బయటే ఆగిపోతుంది, గుసగుసలు పక్కింటికి వినపడకుండా మనకు వినిపిస్తాయి. మోనో శబ్దం హెడ్‌ఫోన్స్‌లో రెండు చెవులకూ సమానంగా వస్తుంది కాబట్టి ముందునుంచో పక్కనుంచో వచ్చినట్టుండదు, తల నడుమ పుట్టినట్టు వినిపిస్తుంది. మామూలు సినిమాలకు దాన్ని లోపం కింద లెక్కేస్తారు. గొంతులు ఇంట్లోవా, పంతులమ్మ తలలోవా అని తేల్చని ఈ సినిమాకు అది చక్కగా నప్పుతుంది.